పచ్చబొట్టు తప్పు కాదు, సూదిని చూడాలి

మాది బళ్ళారి. ఇంట్లో అవ్వ తెలుగులో 'పచ్చబొట్టు' అంటుంది, నాన్న కన్నడలో 'హచ్చె' అంటారు. పేరేదైనా, ఆడపిల్ల చేతిమీద అది ఉండాల్సిందేనని అవ్వ పట్టు. పోయేటప్పుడు మనతో వచ్చే నగ అదొక్కటేనట. నాకు పన్నెండేళ్ళప్పుడు జాతరలో మూడు చుక్కలు పొడిపించింది. నా ముందు వరసలో నలుగురున్నారు. సూది మాత్రం ఒక్కటే. గుడ్డతో తుడిచి, అదే రంగు గిన్నెలో ముంచి, అందరికీ పొడిచారు.

మొన్న డిసెంబర్ 1న ఎయిడ్స్ దినం పాఠం వింటుంటే నాకు ఆ గుడ్డే గుర్తొచ్చింది.

హెచ్.ఐ.వి. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు. ఎక్కువగా లైంగిక సంబంధం వల్ల వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. రక్తం ద్వారా కూడా వస్తుంది. పచ్చబొట్టు సూది చర్మం లోపలికి దిగుతుంది, దానికి రక్తం అంటుతుంది. ఆ రక్తం ఆరకముందే ఇంకొకరికి పొడిస్తే ప్రమాదమే. ఇలా హెచ్.ఐ.వి. సోకడం అరుదే, కానీ హెపటైటిస్-బి, సి కూడా ఇదే దారిలో వస్తాయి. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట 7 రోజులైనా బతకగలదు. గుడ్డతో తుడిస్తే అది పోదు.

"మేమంతా ఒకే సూదితో పొడిపించుకున్నాం, ఏమైంది?" అంది అవ్వ. అవ్వ పొడిపించుకున్నది చిన్నప్పుడు. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. ఆచారం పాతదే, జబ్బు కొత్తది.

భయం పోక, ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐ.సి.టి.సి.కి వెళ్ళాను. తెలిసినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని చున్నీ తలమీదికి లాక్కున్నా. కౌన్సెలర్ అన్నీ వివరించి, నా ఒప్పుదల తీసుకున్నాకే రక్తం తీశారు. అలా అడగాలని 2017 నాటి చట్టమే చెబుతోంది. పరీక్ష ఉచితం, ఫలితం ఎవరికీ చెప్పరు. నాకు నెగెటివ్ వచ్చింది. చున్నీ లాక్కున్నందుకే ఇప్పుడు సిగ్గుగా ఉంది. జబ్బుతో ఉన్నవాళ్ళు రోజూ మోసే బరువు ఎంతో ఆ పది నిమిషాల్లో కొంచెం తెలిసింది.

పచ్చబొట్టు మానమని నేను చెప్పను. మీ కళ్ళముందే ప్యాకెట్ చించిన కొత్త సూది, మీకోసం వేరుగా పోసిన రంగు అడగండి. లేదంటే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి. సందేహాలుంటే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.

ఈసారి జాతరలో మా చెల్లెలి వంతు. కొత్త సూది లేకుంటే కూర్చోనివ్వనన్నాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, సూది డబ్బులు నువ్వే ఇయ్యి" అంది.