రాతినుండి వచ్చు వాయువు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలులో పోవువారికి ఇరువైపుల మేడలే గాని రాళ్ళు కనబడవు. అయినను ఆ మేడల పునాదుల క్రింద నున్నది రాయియే. హైదరాబాదు నగరము సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలపై నిలిచియున్నది. వీధిలో బోరుబావి వేయునప్పుడు లేచు తెల్లని రాతిపొడిని మీరు చూచియే యుందురు.

గ్రానైటులో టన్నుకు కొన్ని గ్రాముల యురేనియము సహజముగా నుండును. అది క్రమక్రమముగా క్షీణించుచు రేడియముగాను, రేడియము రేడాన్ అను వాయువుగాను మారును. రేడానుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నేలనుండి వెడలి ఆరుబయట గాలిలో కలిసినచో చెదరిపోవును. గచ్చు పగుళ్ళగుండా మూసిన గదిలోనికి చేరినచో పోగగును. అది 3.8 దినములలో సగమై, పొలోనియము మున్నగు ఘన కణములను విడుచును. ఆ కణములు ధూళికి అంటుకొని ఊపిరితిత్తులలో ప్రవేశించి, అచటి జీవకణములను గాయపరచును. శ్వాసకోశపు క్యాన్సరునకు పొగత్రాగుట తరువాతి ముఖ్యకారణములలో రేడాన్ ఒకటి. పొగ త్రాగువారికి దీనివలని అపాయము త్రాగనివారికంటె సుమారు 25 రెట్లు ఎక్కువ యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

1984వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున నొక వింత జరిగెను. లిమరిక్ అణు విద్యుత్కేంద్రములో పనిచేయు నొక ఇంజనీరు లోనికి వచ్చుచుండగా వికిరణ సూచక యంత్రము గంట మ్రోగించెను. బయటికి పోవువారిని పరీక్షించుటకు పెట్టిన యంత్రము లోనికి వచ్చువానిని పట్టుకొనెను! విచారింపగా దోషము కేంద్రముది కాదు, అతని యింటిది. నేడు ఆ దేశము పాటించు హద్దునకు వందలాది రెట్లు రేడాన్ ఆ యింట నుండెను. ఆ కుటుంబము ఇల్లు విడిచిపోయి, మరమ్మతులు జరిగిన పిదప తిరిగి వచ్చెను.

మన నగరపు ఇండ్లలో రేడానును ఉస్మానియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు కొలిచిరి. ఇట్టి కొలతకు వాడు పనిముట్టు చిన్న ప్లాస్టిక్ డబ్బీ, అందులో నొక ఫిలిము. దానిని సుమారు 90 దినములు గదిలో వ్రేలాడదీయుదురు. ఆల్ఫా కణములు ఫిలిముపై కంటికి కనబడని గీతలు పెట్టును. పిదప కాస్టిక్ సోడా ద్రావణములో నుంచినచో ఆ గీతలు విచ్చుకొనును. వాటిని లెక్కించి, ఘనమీటరు గాలిలో సెకనుకు ఎన్ని పరమాణువులు క్షీణించుచున్నవో కనుగొందురు. సెకనుకొకటి యైనచో అది ఒక బెకరెల్. ఇండ్లలో ఇది 100 దాటకుండుట మేలనియు, అది సాధ్యము కానిచో 300 మించరాదనియు 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించెను.

మన పూర్వుల మండువా ఇండ్లలో గాలికి కొదువ లేదు. నేడు దిల్‌సుఖ్‌నగరులో చదువుకొను పిల్లలు వసతిగృహములలో ఏ.సి. కొరకు కిటికీలు బిగించుకొని నిద్రింతురు. ఈ పద్ధతి నాకు నచ్చదు. నేలకు ఆనియున్న క్రింది అంతస్తును, గాలి చొరని సెల్లారును ముందుగా పరీక్షింపవలెను. రేడాన్ హెచ్చుగా నున్నచో కిటికీలు తెరచుట, పగుళ్ళు పూడ్చుట సులభమైన పనులు. అవి చాలనిచో గచ్చు క్రిందినుండి గొట్టము వేసి, ఫ్యానుతో ఆ వాయువును ఇంటికప్పు పైకి పంపవలెను.

ఫిలిమును కిటికీ ప్రక్కను, ఫ్యాను క్రిందను కట్టరాదు. సాధారణముగా తలుపులు మూసియుండు చలికాలమున కొలత హెచ్చును, గాలులు వీచునప్పుడు తగ్గును. అందుచేతనే ఒక్క దినపు లెక్కను నమ్మక మూడు నెలలు వేచియుందురు.