చక్రము కొలత – ఒక చిన్న గణితము

పెదకాకాని మీదుగా సాగు 16వ నంబరు జాతీయ రహదారిపై మిర్చి టిక్కీలతో పోవు ట్రాక్టర్ల ప్రక్కనే వేగము గల కార్లును పరుగెత్తుచున్నవి. స్పోర్ట్సు కారునకు పెద్ద రిమ్ములు, వెడల్పు టైర్లు వేయింపగోరు విద్యార్థుల కొరకు ఈ లెక్కను వివరింపదలచితిమి.

టైరుపై 185/65 ఆర్ 15 అని యున్నదనుకొందము. 185 వెడల్పు, మిల్లీమీటర్లలో. ప్రక్కభాగపు ఎత్తు అందులో 65 శాతము, అనగా 120.25, రిమ్ము వ్యాసము 15 అంగుళములు, అనగా 381 మి.మీ. ఆ ఎత్తును రెట్టించి రిమ్మునకు కలిపినచో చక్రము మొత్తము వ్యాసము 621.5 మి.మీ. అగును.

రిమ్మును 16 అంగుళములకు పెంచినచో ప్రక్కభాగమును తగ్గింపవలెను. 205/50 ఆర్ 16 వ్యాసము 611.4, భేదము రెండు శాతము లోపే. అట్లుగాక 205/65 ఆర్ 16 వేసినచో 672.9 అగును. అప్పుడు, మునుపు సరిగా చూపిన స్పీడోమీటరే 100 అని చూపుచుండగా కారు 108 కి.మీ. వేగమున పోవుచుండును. బ్రేకు వేసినను ఆగుటకు మరింత దూరము పట్టును. రోడ్డు దాటుచున్న కూలీ ప్రాణము ఆ దూరములోనే యున్నది.

బరువు మోయు సంఖ్యయు తగ్గరాదు. 88 అనగా టైరు ఒక్కింటికి 560 కిలోలు. మలుపులందు టైరు బాడీకి తగులరాదు. కనుక అంగడికి పోవుటకు ముందే కాగితముపై ఈ లెక్క వేసికొనుడని మా మనవి.