గదే ఆయన దగ్గరికి రావాలి

నేరేడుచర్ల

మేనకోడలికి మేనత్త రాసేది.

నాయనను మిర్యాలగూడలో మీ కొత్త ఇంటికి తీసుకుపోతున్నామని, ఆయన గది విషయంలో ఏమేం చూసుకోవాలో రాయమని అడిగావు. ఏఎన్‌ఎంగా ఇల్లిల్లూ తిరిగినప్పుడు చూసినవి, మా అన్న గురించి నాకు తెలిసినవి కలిపి రాస్తున్నాను.

ముందు ఒకటి మనసులో పెట్టుకో బిడ్డా. కొత్త గదిని ఆయనకు నేర్పాలని చూడకు. నాయనకు వచ్చిన ఈ మతిమరుపులో తొలుత దెబ్బతినేది కొత్త సంగతులు నిలుపుకునే శక్తే. ‘బాత్రూం అటు నాయనా’ అని పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. కానీ ఏళ్ళ తరబడి కాళ్ళూ చేతులూ చేస్తూ వచ్చిన పనులు చాలాకాలం నిలుస్తాయి. మంచం ఏ వైపు దిగాలో, చెంబు ఎక్కడ అందుకోవాలో ఆయన ఆలోచించడు, శరీరమే చేసుకుపోతుంది. అందుకని ఆయన అలవాట్లకు తగ్గట్టు గదిని మార్చాలి.

సామాను కట్టకముందే ఒకసారి ఇక్కడికి వచ్చి ఆయన గదిని ఫోన్లో ఫొటోలు తీసుకో. మంచం గోడకు ఆనుకొని ఉంటుంది, ఆయన ఎడమ వైపు దిగుతాడు, దిగి కుడికి తిరిగితే దొడ్డి తలుపు. అక్కడ కూడా దిగి కుడికి తిరిగితే బాత్రూం వచ్చేటట్టు మంచం వెయ్యి. కిటికీ కింద వేస్తే అందంగా ఉంటుందన్నావు. అందం తర్వాత చూసుకోవచ్చు. కొత్త మంచం కొనకు, ఆ నవారు మంచమే తీసుకుపో. దుప్పటి, తలగడ ఉతికించకుండా అట్లాగే తీసుకుపో, పాత ఇంటి వాసన వాటిలో ఉంటుంది. మట్టపల్లి నరసింహస్వామి పటం మంచం మీద నుంచి కనబడేచోట పెట్టు. చేతికర్ర, రేడియో, నీళ్ళ చెంబు పాత చోటునే ఉండాలి. మిగతా అలమారా నింపకు, వస్తువులు ఎక్కువైతే కళ్ళు తికమకపడతాయి.

బాత్రూం సంగతి నిదానంగా చదువు, ముసలివాళ్ళు తరచూ జారిపడే చోటు అది. తెల్ల టైల్స్ మీద తెల్ల కమోడ్ వాళ్ళ కళ్ళకు ఆనదు, రంగు సీటు వేయించు. గుమ్మం ముందు నల్లటి పట్టా వెయ్యకు, అక్కడ గొయ్యి ఉందనుకొని అడుగు వెయ్యరు. షవర్ నీళ్ళు ఒక్కసారి తల మీద పడితే బెదిరిపోతారు, బకెట్, మగ్గు పెట్టు. గోడకు పట్టుకునే కడ్డీ బిగించు. లోపలి గొళ్ళెం తీయించు. రాత్రంతా మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలగాలి, ఆ తలుపు తెరిచే ఉంచు. పెద్ద అద్దం ఉంటే గుడ్డ కప్పు, అందులో ఎవరో పరాయి మనిషి ఉన్నాడని కొందరు కేకలు పెడతారు.

సాయంత్రం పొద్దు వాలేవేళ తికమక ఎక్కువవుతుంది. చీకటి పడకముందే లైట్లు వెయ్యి. ‘ఇంటికి పోదాం’ అంటాడు. ‘ఇదే మన ఇల్లు’ అని వాదించకు, భయం పెరుగుతుంది. అప్పుడు ఆయన అడుగుతున్నది ధైర్యం. పక్కన కూర్చొని ఇంటి గురించి అడుగు, చాయ్ ఇయ్యి.

రాత్రి ఆయన లేవడానికి ఒక కారణం ఉంది. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలినప్పుడు మీ నాయన మీసాలు వచ్చిన పిల్లగాడు. ఎడమ కాలువ నీళ్ళు మన మడులకు పారినంక రాత్రిళ్ళు వంతు కాసి నీళ్ళు కట్టడం ఆయన పనే అయింది. అందుకే అర్ధరాత్రి లేచి ‘వంతు వచ్చింది, తూము తియ్యాలె’ అంటాడు. అది పిచ్చి కాదు. ‘ఏ మడికి నాయనా, ఎంత పారింది?’ అని అడుగు. చెప్పనీ. చెప్పినంక చాలాసార్లు తనే పడుకుంటాడు. గేటు మాత్రం రాత్రిపూట చూసుకో, అంగీ జేబు లోపల నీ ఫోన్ నంబరు కుట్టించు.

మనిషి అలవాటుకు తగ్గట్టు ఇల్లు సర్దాలనేది నా ఒక్కదాని మాట కాదు. నెదర్లాండ్స్‌లో వేస్ప్ అనే ఊళ్ళో, 2009లో, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళ కోసం హోగెవేక్ అనే వాడ కట్టారు. ఆస్పత్రి వార్డులు లేవు. ఎవరు ఎట్లా బతికారో ఆ తీరున ఇళ్ళు సర్ది, ఇంటింటికీ వంటిల్లు పెట్టారు. అంత ఖర్చు మనకు అక్కరలేదు. వాళ్ళు పట్టుకున్న ఆలోచనకు మన దగ్గర ఒక నవారు మంచం చాలు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. మెల్లగా పెరిగే మరుపు వేరు, ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మాట తడబడి, మగతగానో ఆవేశంగానో మారడం వేరు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్ళు తగ్గడం, సోడియం పడిపోవడం, మలబద్ధకం, కొత్తగా వేసిన జలుబు గోళీ కూడా అట్లా చేస్తాయి. ‘కొత్త ఇల్లు కదా, సర్దుకుంటాడు’ అని ఊరుకోకు. అదే రోజు డాక్టరుకు చూపించు, గోళీలన్నీ వెంట తీసుకుపో. నిద్రగోళీ నీ అంతట నువ్వు ఇయ్యకు. ఇబ్బందైతే 14567కు ఫోన్ చెయ్యి, పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.

నీకూ నిద్ర కావాలి. తమ్ముడిని రాత్రి వంతు పంచుకోమను. అడగడానికి మొహమాటపడకు, నాయన వాడికీ నాయనే.

పగటిపూటే తరలిద్దాం, సాయంత్రం వద్దు. పొద్దున్నే ఆయన లేచినంక నువ్వు మంచం, పటం, రేడియో బండిలో వేసుకొనిపోయి సర్దిపెట్టు. అన్నకు ఇక్కడే అన్నం పెట్టి, పది దాటినంక నేను వెంట తీసుకొస్తాను.

మీ అత్త