పాత కంప్యూటరులో పనికివచ్చునవి

క్రొత్త ఒక వింత, పాత ఒక రోత అని సామెత. కంప్యూటరు విషయమున ఇది సగమే నిజము.

గన్నవరము చెంత కేసరపల్లిలో ఐ.టి. సంస్థలకై మేధా టవర్స్ వెలసినది. ఆ విద్య నేర్వగోరు పిల్లలు చుట్టుప్రక్కల గ్రామములందును కలరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. పాత యంత్రములనేకము విండోస్ 11కు తగవు. కనుక క్రొత్త కంప్యూటరు కూర్చుకొనదలచు గృహస్థులకు మేము కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

మానిటరు, కీబోర్డు, మౌస్ బాగుగ నున్నచో మరల కొననక్కరలేదు. మదర్‌బోర్డు కొలతకు సరిపడినచో పాత క్యాబినెట్టును చాలును. హార్డ్ డిస్కును అదనపు నిలువకు వాడవచ్చును. కాని అందలి పొలము కాగితములు, కుటుంబ చిత్రములు ముందుగా వేరొకచోట నకలు తీసికొనవలయును. అరిగిన డిస్కు చెప్పకయే ఆగిపోవును.

ర్యాము విషయమున జాగ్రత్త వలయును. డి.డి.ఆర్. 3 ర్యాము డి.డి.ఆర్. 4 బోర్డులో ఇమడదు. రెండింటి గాడులు వేరు.

అన్నిటికంటె ముఖ్యమైనది విద్యుత్తు నందించు ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె. ఏండ్ల తరబడి వేడికి అందలి కెపాసిటర్లు క్షీణించును. అది చెడినచో క్రొత్త బోర్డునే పాడుచేయవచ్చును. ఇచ్చట పొదుపు కూడదు, క్రొత్తదే కొనుడు. పాతదానిని విప్పరాదు, తీగ తీసిన పిదపను లోపల విద్యుత్తు నిలిచియుండును.

మిగిలిన భాగములను కాల్చక, చెత్తలో వేయక, నమోదైన ఈ-వ్యర్థ సంస్థలకు చేర్చుడు. 2023 ఏప్రిలు 1 నుండి అమలునందున్న నిబంధనల ఉద్దేశమిదియే. పనికివచ్చునది నిలుపుకొనుటయు, రానిది విడుచుటయు రెండును పొదుపే.