మూడు పాదములలో సముద్రము

సముద్రమును వర్ణింపబూనిన కవికి ఎన్ని మాటలైనను చాలవు. ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగో స్వదేశమును వీడి, 1855 మొదలు 1870 వరకు గెర్న్సీ ద్వీపమున ప్రవాస జీవనము గడపెను. ఇంటి యెదుట ఘోషించు కడలిని గూర్చి పద్యములు వ్రాసియు తనివి తీరక, 1866లో ‘సముద్ర శ్రామికులు’ అను పెద్ద నవలను ప్రకటించెను. అట్టి దేశముననే, ఆ సముద్రమును మూడు చిన్న పాదములలో ఇముడ్చగోరిన కవులును పుట్టిరి. వారు చేపట్టిన పద్యరూపము హైకూ.

హైకూ జపానీయులది. పాదములు మూడు, వరుసగా 5, 7, 5 చొప్పున మొత్తము 17 మాత్రలు. 17వ శతాబ్దమున బషో అను కవి దీనికి గొప్ప గౌరవము తెచ్చెను. హైకూ కవి తాను చూచిన దృశ్యము నొక్కదానిని మన కన్నుల యెదుట నిలిపి, తాను తప్పుకొనును. మిగిలిన భావమును పాఠకుడే పూరించుకొనవలెను.

పోల్ లూయీ కూషూ అను ఫ్రెంచి యువకుడు 20వ శతాబ్దారంభమున జపాను దేశము దర్శించి, ఈ పద్యములపై మక్కువ పెంచుకొనెను. 1905లో ఇద్దరు మిత్రులతో గూడి, ఫ్రాన్సు కాలువలపై పడవ ప్రయాణము చేయుచు, ఆ ముగ్గురును ఫ్రెంచిలో హైకూలు వ్రాసిరి. ఆ చిన్న పుస్తకమును తమ పేరులైన వేసికొనక 30 ప్రతులు మాత్రమే అచ్చొత్తించిరి. 1920లో ఒక ప్రసిద్ధ సాహిత్య పత్రిక పలువురు కవుల హైకూలను ప్రకటించుటతో ఈ ప్రక్రియ ఫ్రాన్సున వ్యాపించెను. కాలువ నీటిపై మొదలైన కవిత క్రమముగా కడలి యొడ్డునకును చేరినది.

సముద్ర విషయమున ఫ్రెంచి భాషయే కవికి తోడ్పడును. ఆ భాషలో సముద్రమును ‘మేర్’ అందురు. తల్లినిగూడ ‘మేర్’ అనియే పలుకుదురు. వ్రాతలో భేదము కలదు గాని వినికిడిలో లేదు. అలకు ‘వాగ్’ అని పేరు. ఆ మాటకే ‘అస్పష్టము’ అను అర్థమును గలదు. ‘లామ్’ అనగా కెరటము, కత్తివాదరయును. ఒక్క మాట రెండర్థముల నీయగా, చిన్న పద్యమున పెద్ద భావము పట్టును.

ఫ్రాన్సునకు వాయవ్యమున నున్న బ్రిటనీ తీరమున సేంట్‌మాలో వద్ద, పెద్ద పోటు నాడు నీరు 12 మీటర్లకు పైగా లేచును. అనగా నాలుగంతస్తుల మేడ యెత్తు. ఆటు వేళ విశాలమైన యిసుక నేల బయలుపడును. హైకూకు ఇంతకు మించిన దృశ్యమేల? భావము తెలియుటకై నేను కూర్చిన మాదిరి నొకదానిని చూడుడు.

పోటు వచ్చెను—
ఇసుకపై బాలుడు వ్రాసిన
పేరులో సగమే మిగిలె.

ఇందు దుఃఖ మను మాట లేదు. కాని ఆ తీరవాసులకు పేరు చెరుగుట యననేమో తెలియును. 1852 మొదలు 1935 వరకు, పేంపోల్ ప్రాంతపు జాలరులు ఐస్‌లాండు దాపున చేపల వేటకేగెడివారు. వారిలో సుమారు 2,000 మంది తిరిగి రాలేదు. సమీపమునగల ప్లూబజ్లానెక్ గ్రామపు శ్మశానవాటికలో ఒక గోడయే వారికి స్మారకము. దేహములు దొరకలేదు గనుక, గోడపై పేరులు మాత్రమే నిలిచినవి. ఆ గోడ యెదుట నిలుచువారికి వేరు వర్ణన అక్కరలేదు. ‘మేర్’ అను ఒక్క పలుకులో తల్లియు సముద్రమును ఏల కలిసెనో అచ్చట హృదయమునకు తోచును.

బాలలారా! కొద్దిగా చెప్పుట తక్కువగా చెప్పుట కాదు. మీరు నదినో, చెరువునో, సముద్రమునో వర్ణింపవలసి వచ్చినపుడు ‘అత్యద్భుతము’ అని వ్రాయుటకు ముందు, మీ కన్ను నిజముగా చూచిన వస్తువు నొక్కదానిని పేర్కొనుడు. ఒడ్డున విడిచిన చెప్పుల జత యైనను చాలును; కడలి దాని వెనుక తానై వచ్చి నిలుచును.

ప్రశ్నలు
1. హైకూ లక్షణము లెవ్వి?
2. ఫ్రెంచి భాష సముద్ర కవికి ఎట్లు తోడ్పడుచున్నది?
3. మీరు చూచిన యొక జలదృశ్యమును మూడు పాదములలో వ్రాయుడు.