గ్లాస్ వేయించాక వేలిముద్ర పడట్లేదా? భయపడకండి
సందేహాలు - సమాధానాలు

చంద్రపూర్, బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ వైపు తెలుగు పాఠకులు ఈసారి రాసిన ఉత్తరాల్లో ఫోన్ వేలిముద్ర గురించిన బెంగే ఎక్కువగా కనిపించింది. కొత్త ఫోన్ కొనడం, దాని మీద స్క్రీన్ గార్డు వేయించడం, మర్నాటి నుంచి వేలు పెడితే తాళం తీయకపోవడం. అందరికీ తలెత్తిన అనుమానం ఒకటే కాబట్టి ముందు దానికే జవాబిస్తాను.

ప్రశ్న: మా ఆయన గనిలో ఓవర్‌టైం చేసి కొనిచ్చిన శామ్‌సంగ్ ఫోన్ అండీ. గీతలు పడకూడదని అదే రోజు టెంపర్డ్ గ్లాస్ వేయించాను. అప్పటి నుంచి పది సార్లు వేలు పెడితే ఒకసారి తెరుచుకుంటోంది. నా చేతులారా పాడుచేసుకున్నానా?
- ఒక గృహిణి, బల్లార్షా

జవాబు: లేదమ్మా, మీరేమీ పాడుచేయలేదు. వేలిముద్ర చదివే పరికరం తెర కింద భద్రంగా ఉంది, పైన వేసిన గ్లాస్ దాని జోలికి పోలేదు. గెలాక్సీ ఎస్ వరుసలోని ప్రధాన ఫోన్లలో 2019 నాటి ఎస్10 నుంచి వాడుతున్నది అల్ట్రాసోనిక్ సెన్సర్. మన చెవికి అందని శబ్దాన్ని అది వేలి మీదికి పంపుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి మీ వేలి గీతల ఎత్తుపల్లాలు తెలుసుకుంటుంది. ఆసుపత్రిలో స్కానింగ్‌కు ముందు పొట్ట మీద జెల్ రాయడం చూసే ఉంటారు. యంత్రానికీ చర్మానికీ మధ్య గాలి ఉంటే శబ్దం అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతుంది, అందుకే ఆ జెల్. మీది ఆ వరుస ఫోనే అయితే, దాని మీదా అదే జరిగింది. చవకరకం గ్లాసులు చాలావాటికి అంచుల్లోనే జిగురు ఉంటుంది, నడుమ సన్నని గాలిపొర మిగిలిపోతుంది. ఆ గ్లాస్ తీయించి, ఉత్త తెర మీద వేలు పెట్టి చూడండి. వెంటనే తెరుచుకుంటే మీ ఫోన్‌కు ఏ జబ్బూ లేనట్టే.

ప్రశ్న: మరి ఎలాంటి గార్డు వేయించాలి? అసలు వద్దంటారా?
- డిగ్రీ విద్యార్థి, రాజురా

జవాబు: వేయించండి బాబూ, తెర పగిలితే అయ్యే ఖర్చు పెద్దది. మెత్తగా వంగే పల్చని ఫిల్ము తెరకు పూర్తిగా అంటుకుంటుంది కాబట్టి ఈ సెన్సర్‌కు అదే నమ్మకమైనది. గ్లాసే కావాలంటే మొత్తం జిగురు ఉన్నది, అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు పనికొస్తుందని మీ మోడల్ పేరుతో రాసి ఉన్నది అడగండి. ద్రవం పోసి యూవీ దీపంతో గట్టిపరిచే రకం సెన్సర్‌కు బాగానే పనిచేస్తుంది గానీ, చెయ్యి తిరగనివారు వేస్తే ఆ జిగురు స్పీకర్ రంధ్రాల్లోకి, బటన్ల సందుల్లోకి దిగుతుంది. మన చంద్రపూర్ ఎండలకు నాసిరకం జిగురు ఊడి బుడగలు లేస్తాయి కూడా, వేసవిలో వేలిముద్ర మొరాయిస్తే ముందు బుడగల కోసం చూడండి. గార్డు ఏదైనా సరే, వేయించాక పాత వేలిముద్రలు తీసేసి మళ్లీ నమోదు చేయండి, సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ ఆన్ చేయండి.

ప్రశ్న: తెర పగిలితే బయట షాపులో మార్పించాను. ఇప్పుడు వేలిముద్ర నమోదే కావట్లేదు. "క్యాలిబ్రేషన్ పోయింది" అంటున్నారు. అంటే ఏమిటి? ఫోన్ ఇక ఇంతేనా?
- సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి, రాజురా తాలూకా

జవాబు: ఫోన్ ఇంతే కాదు, దీనికి దారి ఉంది. నమోదు, క్యాలిబ్రేషన్ వేరువేరు పనులు. మీ వేలిని ఫోన్‌కు పరిచయం చేయడం నమోదు, అది మీరే చేసుకోవచ్చు. తన మీదున్న తెర ఎంత మందం, ఏ వేలూ లేనప్పుడు ప్రతిధ్వని ఎలా వస్తుంది అన్నది సెన్సర్‌కు నేర్పడం క్యాలిబ్రేషన్. తెర మారితే పాత లెక్క కొత్త తెరకు సరిపోదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో దానికి వేరే పరికరం, సాఫ్ట్‌వేర్ ఉంటాయి. అక్కడికి తీసుకెళ్లి, తెర మార్పించిన సంగతి దాచకుండా చెప్పండి. వేసిన తెర అసలుది కాకపోతే మాత్రం క్యాలిబ్రేషన్ కుదరకపోవచ్చు, డబ్బు కట్టేముందే అడిగి తెలుసుకోండి. ఒక్క మాట అందరికీ: కేవలం గ్లాస్ వేసినంత మాత్రాన క్యాలిబ్రేషన్ పోదు. గ్లాస్ మార్చి క్యాలిబ్రేషన్‌కని డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: జెల్లులా మెత్తగా ఉండే కవరు వేశాక నా ఫోన్ మా అబ్బాయి వేలికీ తెరుచుకుంటోంది! బ్యాంకు యాప్‌లన్నీ అందులోనే ఉన్నాయి, రాత్రి నిద్ర పట్టట్లేదు.
- ఉపాధ్యాయిని, చంద్రపూర్

జవాబు: మీ ఆందోళన సరైనదేనమ్మా, ఈ ఉత్తరాలన్నిటిలో వెంటనే పట్టించుకోవలసింది ఇదే. అయితే సరిచేసుకోవడం పది నిమిషాల పని. 2019 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక మహిళకు అచ్చంగా ఇదే జరిగింది. చవకగా కొన్న కవరు వేశాక ఆమె గెలాక్సీ ఎస్10 ఆమె భర్త వేలికీ తెరుచుకుంది. కొన్ని సిలికాన్ కవర్ల లోపలి నమూనానే సెన్సర్ వేలిముద్రగా పొరబడుతోందని శామ్‌సంగ్ ఒప్పుకుంది. దక్షిణ కొరియాలో కకావో బ్యాంకు తన ఖాతాదారులను వేలిముద్ర వాడకం ఆపమంది. ఎస్10, నోట్10 ఫోన్లకు ఆ నెలలోనే దిద్దుబాటు అప్‌డేట్ వచ్చింది.

మీరు ముందు ఆ కవరు తీసేయండి. వేలిముద్రల జాబితా తెరిచి, ఎప్పుడైనా మీ అబ్బాయి వేలు కూడా చేర్చారేమో చూడండి, ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. తర్వాత అన్నీ తొలగించి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, ఉత్త తెర మీద మీ వేలు మళ్లీ నమోదు చేయండి. అప్పటికీ వేరేవాళ్ల వేలికి తెరుచుకుంటే వేలిముద్ర పూర్తిగా ఆపి పిన్ ఒక్కటే వాడండి, సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా బొగ్గు గనిలో పని. ఏ గార్డూ లేకపోయినా నా వేలు తీసుకోదు. నా వేలిముద్రలు చెరిగిపోయాయా?
- గని కార్మికుడు, ఘుగ్గుస్

జవాబు: చెరిగిపోలేదన్నా, పనిలో అరిగి, ఎండకు పొడిబారి ఉంటాయి. పనిముట్టు పట్టే చేతులకు ఇది మామూలే. చేతులు కడిగి, కొంచెం కొబ్బరినూనె రాసి తుడిచేసుకుని, తక్కువగా అరిగే ఎడమచేతి వేలిని నమోదు చేయండి. అదే వేలిని రెండుసార్లు, రెండు వేళ్లలా చేర్చుకుంటే ఇంకా మేలు.

ప్రశ్న: నా ఫోన్‌లో వేలు పెడితే తెర కింద తెల్లని వెలుగు వస్తుంది. నాదీ శబ్దంతో చదివే సెన్సరేనా?
- దుకాణదారు, సిరొంచ

జవాబు: మీది వేరే రకమండీ, కాంతితో ఫొటో తీసే ఆప్టికల్ సెన్సర్. తేటగా ఉన్న గ్లాస్ దానికి సాధారణంగా అడ్డు కాదు, పక్కవారికి కనిపించకుండా చేసే ప్రైవసీ గ్లాసులు మాత్రం అడ్డుపడతాయి. చీకట్లో వేలు పెట్టినప్పుడు వెలుగు రాకపోతేనే అది శబ్దంతో చదివే సెన్సర్.

ప్రశ్న: పేపరు మిల్లులో రిటైరయ్యాను. కొన్ని రోజులు ఉదయం ఫోన్ నా వేలిని ఒప్పుకోకుండా పిన్ అడుగుతోంది. ఎవరైనా నా ఫోన్‌లో చొరబడ్డారా?
- ఒక పెద్దాయన, బల్లార్షా

జవాబు: ఎవరూ చొరబడలేదు, నిశ్చింతగా ఉండండి. ఫోన్ ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ ముందు పిన్ అడుగుతుంది, రాత్రి అప్‌డేట్ అయితే తనంతట తానే అలా చేస్తుంది. అది మీ రక్షణ కోసమే. వేలిముద్ర పోతే మళ్లీ నమోదు చేసుకోవచ్చు గానీ, పిన్ మరిచిపోతే ఫోన్ మొత్తం తుడిచేయాల్సి వస్తుంది, దాచుకున్న మనవల ఫొటోలతో సహా. పిన్‌ను ఒక కాగితం మీద రాసి ఈరోజే బీరువాలో పెట్టండి.