విజయనగరపు జినాలయములు – జీర్ణోద్ధరణ ధర్మము

సాదలి పరిసరములవారికి నంది గ్రామమందలి భోగనందీశ్వరాలయము సుపరిచితము. అది కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో నున్నది. ఒక్క ఆలయమే గాక, ఒక మహానగరపు శిథిలములే రక్షింపబడుచున్న చోటు హంపి.

1336లో వెలసి 1565లో పాడుపడిన విజయనగర రాజధానియే నేటి హంపి. అందు జైనులు మరువరాని కట్టడములు రెండు కలవు. మొదటిది గాణగిత్తి జినాలయము. రెండవ హరిహరరాయల దండనాయకుడగు ఇరుగప్ప 1385లో కుంథునాథ తీర్థంకరునకు దీనిని కట్టించెను. కన్నడమున గాణగిత్తి యనగా గానుగ ఆడించు స్త్రీ. జనులు ఆ పేరుతోనే గుడిని పిలుచుచున్నారు. ఇరుగప్ప పేరును నిలిపినది ముంగిటి స్తంభముపైనున్న సంస్కృత శాసనమే.

రెండవది పార్శ్వనాథ చైత్యాలయము. రెండవ దేవరాయలు 1426లో దీనిని పాన్‌సుపారి బజారులో, అనగా తమలపాకులు, వక్కలు అమ్ము వీధిలో కట్టించెను. వర్తకము నడుచు వీధియే జినాలయమునకు తగిన స్థలమని ఆ రాజు ఎంచుట వర్తక కుటుంబములు గర్వింపదగిన విషయము.

పాడుపడిన జినాలయమును చూచిన శ్రావకునకు సున్నము కొట్టించి, నేలకు క్రొత్త రాళ్లు పరపించి, పూజలు సాగింపవలెనని తోచుట సహజము. జీర్ణోద్ధరణము గొప్ప పుణ్యమని పెద్దలు చెప్పుదురు. కాని ఒక్కసారి పూసిన సున్నము శాసనాక్షరములను కప్పివేయును. గోకి తీసినచో అక్షరమే పోవును. అక్షరము పోయిన ఇరుగప్ప పేరు కూడ పోయెడిదే గదా! అందువలననే 1958 నాటి చట్టము రక్షిత కట్టడములకు హాని చేయుటను నేరముగా నెంచినది. 2010 సవరణ ప్రకారము అట్టి కట్టడమునకు 100 మీటర్లలోపు క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి కావలెను. హంపి కట్టడములు 1986లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినవి.

అట్లయిన దాతకు దారి లేదా? కలదు. 1996లో భారత ప్రభుత్వము నెలకొల్పిన జాతీయ సంస్కృతి నిధికి, ఫలానా కట్టడము కొరకని పేర్కొని విరాళ మీయవచ్చును. పని నిపుణులు చేయుదురు, పుణ్యము దాతదే.

ప్రాచీనాలయమును క్రొత్తదిగా మార్చుట జీర్ణోద్ధరణము కాదు. దానిని కట్టించినవాని మాట చెరగకుండ తరువాతి తరమున కందించుటయే జీర్ణోద్ధరణము.